నాచు నీళ్ళ ఫిల్టర్ ప్రాజెక్టు: నాలుగు పొరలు వేసినా పచ్చ రంగు పోవట్లేదు

ఆత్మకూరు_టీచరమ్మ
ఎనిమిదో తరగతి పిల్లలతో నీళ్ళ ఫిల్టర్ చేయిస్తున్నా. అందరూ బురద నీళ్ళు పోసి చూపిస్తారు గదా, అది చూసీ చూసీ పిల్లలకి విసుగొచ్చేసింది. మా ఊరి చెరువు నెల రోజుల నుంచి పచ్చగా, పెయింటు డబ్బా ఒలకబోసినట్టు ఉంది. గట్టు మీద నడుస్తుంటే వాసన కూడా. సరే, హాని చేసే నాచుని నీళ్ళలోంచి వడకట్టడం ఎలాగో చూద్దామని మొదలుపెట్టాం. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులు చేశాం. మూతి దగ్గర దూది, దాని మీద బొగ్గు, ఆపైన ఇసుక, అన్నిటికన్నా పైన గులకరాళ్ళు. నాలుగు గ్రూపులు, నాలుగు సీసాలు.

మొదటి గ్రూపు నీళ్ళు నల్లగా వచ్చాయి, బొగ్గు పొడి. రెండు, మూడు గ్రూపులవి పచ్చగా పోస్తే పచ్చగానే దిగాయి. నాలుగోదాంట్లో చుక్క దిగలేదు. పిల్లలు ఊరుకోలేక పుల్ల పెట్టి పొడిచారు, మొత్తం ఒక్కసారిగా జారి నా హాజరు పట్టీ మీద పడింది.

ఇంకో 12 రోజుల్లో మండలం సైన్స్ ఫెయిర్. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

చేపలపులుసు
నాలుగో గ్రూపుకే ఫస్ట్ ప్రైజు ఇవ్వండి టీచర్. నీళ్ళే దిగకపోతే నాచు ఎక్కడ దిగుతుంది. నూటికి నూరు శాతం వడపోత.

బయోసైన్స్_బాబు
పెయింటు ఒలకబోసినట్టు అంటున్నారు కాబట్టి అది మామూలు నాచు కాకపోవచ్చు మేడమ్. నీలి ఆకుపచ్చ శైవలాలు అయ్యుండొచ్చు, అంటే సయనోబాక్టీరియా. పేరులో శైవలం అని ఉన్నా అవి నిజానికి బాక్టీరియా. చెరువుల్లో తరచూ కనిపించేది మైక్రోసిస్టిస్. దాని ఒక్కో కణం 3 నుంచి 7 మైక్రాన్లు ఉంటుంది.

ఇప్పుడు మీ ఇసుక చూడండి. రేణువు అర మిల్లీమీటరు అనుకుంటే 500 మైక్రాన్లు. రేణువుల మధ్య సందు అందులో ఆరో వంతు వేసుకున్నా 80 మైక్రాన్లు దాటుతుంది. కోడిపిల్లల్ని ఆపడానికి ఆవుల దొడ్డికి వేసే కంచె వేసినట్టు. మైక్రోసిస్టిస్ కణాలు జిగురులో గుంపులుగా అంటుకుని ఉంటాయి కాబట్టి పెద్ద గుంపులు ఆగుతాయి. విడిపోయినవి దర్జాగా కిందకి దిగిపోతాయి. ల్యాబులో వాడే నంబర్ 1 ఫిల్టర్ పేపరు కూడా 11 మైక్రాన్లదే.

గుండ్లకమ్మ_గట్టు
బాబు చెప్పింది నిజమే గానీ ముందు ఇసుక సంగతి అడగండి. ఏ ఇసుక మేడమ్? పెన్నా ఇసుకేనా? స్లాబుకి అది బంగారం, ఫిల్టర్‌కి మాత్రం గరుకు. ప్లాస్టరింగ్‌కి మేస్త్రీలు పట్టే సన్న జల్లెడలోంచి కిందకి దిగిన ఇసుకే తీసుకోండి. బకెట్‌లో వేసి కడగాలి. ఒకసారి రెండుసార్లు కాదు. దర్శి వైపు నేను పనిచేసినప్పుడు పిల్లలతో పదకొండు సార్లు కడిగించా. పదో నీళ్ళు కూడా మసగ్గానే ఉన్నాయి.

బొగ్గుని విడిగా పొయ్యకండి. పాత పంచె ముక్కలో మూట కట్టి పెట్టండి, నలుపు దిగదు. ఇసుక తడిపి వేయండి. నీళ్ళు పోసేటప్పుడు గరిటె బోర్లించి దాని మీద పొయ్యాలి, లేకపోతే ఇసుకలో గుంట పడి నీళ్ళన్నీ ఆ గుంటలోంచే దిగుతాయి.

ఆత్మకూరు_టీచరమ్మ
ఇసుక బడి పక్కన ఇల్లు కడుతుంటే అడిగి తెచ్చాం సార్. కడగలేదు. అసలు కడగాలనే తట్టలేదు.

గుండ్లకమ్మ_గట్టు
అంటే మీరు చెరువు మురికిని ఇసుక మురికితో వడకట్టారు.

ఒంగోలు_గిత్త
ఇంత రాద్ధాంతం ఎందుకబ్బా. బిందెలో పటిక తిప్పు, తేరాక గుడ్డలో వడపొయ్యి, మరగబెట్టు. అయిపోయింది. మా నాయనమ్మ సైన్స్ ఫెయిర్‌కి పోకుండానే ఇవన్నీ చేసింది.

కావలి_కెమిస్ట్రీ
గిత్త అన్నా, పటిక వరకు బాగుంది, గుడ్డ వరకు బాగుంది. మరగబెట్టడం దగ్గరే బండి దారి తప్పింది.

కలరా, టైఫాయిడ్ లాంటి వాటికి మరగబెట్టడమే మందు, ఎవరూ కాదనరు. ఈ నీలి ఆకుపచ్చ వాటి గొడవ వేరు. కొన్ని రకాలు కణం లోపల విషం తయారు చేసుకుంటాయి, మైక్రోసిస్టిన్ అంటారు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అది వేడికి చెక్కుచెదరదు. పైగా మరగబెడితే కణం పగిలి లోపలున్నది కాస్తా నీళ్ళలో కలుస్తుంది. కాసేపు మరిగాక నీళ్ళు తగ్గుతాయి, విషం తగ్గదు. చారు మరిగితే ఉప్పెక్కినట్టే.

2014 ఆగస్టులో అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున టొలీడో నగరంలో ఇదే జరిగింది. కుళాయి నీళ్ళలో మైక్రోసిస్టిన్ కనిపించింది. నాలుగు లక్షల మందికి పైగా జనాన్ని రెండు మూడు రోజులు ఆ నీళ్ళు తాగొద్దన్నారు. అప్పుడు గట్టిగా చెప్పిన మాట ఒకటే, మరగబెట్టొద్దని.

ఒంగోలు_గిత్త
అమెరికా కథలు మనకెందుకు తమ్ముడూ. మా ఊరికి ఎస్ఎస్ ట్యాంకు, అదే వేసవి నిల్వ చెరువు నీళ్ళే దిక్కు. కాలవ వదిలినప్పుడు నింపుతారు, ఎండాకాలం ఆఖరుకి పచ్చగానే ఉంటాయి. చిన్నప్పటి నుంచి తాగాం. నిక్షేపంలా ఉన్నాం.

మొలగొలుకులు
నిక్షేపంలా ఉన్నవాళ్ళే గదన్నా వచ్చి చెప్పేది.

చేపలపులుసు
😂😂 గిత్త అన్న కాసేపు మౌనం

కావలి_కెమిస్ట్రీ
అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. పచ్చగా ఉన్న ప్రతి నీళ్ళలో విషం ఉండదు. మామూలు పచ్చ నాచైతే చాలావరకు ప్రమాదం లేదు. మైక్రోసిస్టిస్‌లోనే విషం చేసేవి, చేయనివి ఉన్నాయి. కంటితో చూసి ఏది ఏదో చెప్పలేం, అదే చిక్కు. తాగే నీళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న హద్దు లీటరుకి 1 మైక్రోగ్రాము. గ్రాములో పది లక్షల వంతు. నాలుకకి తెలిసే లెక్క కాదు.

రొయ్యలగుంట_నైట్‌డ్యూటీ
విడవలూరు వైపు మా గుంటలు. పగలు నిద్ర, రాత్రి ఇక్కడ కబుర్లు. ఈ పచ్చ నీళ్ళ గురించి మాకంటే ఎవరికి తెలుసు చెప్పండి.

మాకు నీళ్ళలో రంగు ఉండాలి, లేకపోతే అడుగున పాచి పడుతుంది. రంగు ఎక్కువైనా చావే. తెలుపు నలుపు వేసిన పళ్ళెం తాడుకి కట్టి దించుతాం, సెక్కి డిస్క్ అంటారు. అది 30, 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే బాగున్నట్టు. ఇరవైకే మాయమైతే ఆ రాత్రి నిద్ర లేనట్టు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. తెల్లారుజామున మూడు, నాలుగు మధ్య డీఓ మీటరు, అంటే నీళ్ళలో ఆక్సిజన్ కొలిచేది పెడితే లీటరుకి మూడు మిల్లీగ్రాముల కిందకి పడిపోయి ఉంటుంది. రొయ్యలు గట్టు వారకి వచ్చి మీసాలు పైకి పెట్టి తేలతాయి. ఏరియేటర్లు అన్నీ వేసి దేవుడికి దండం పెట్టుకోవడమే.

నా సొంత తప్పు ఒకటి చెబుతా. నాలుగేళ్ళ కిందట గుంటలో గాలి వాలు మూలకి ఆకుపచ్చ మీగడ కట్టింది. ఎవరో చెబితే మైలుతుత్తం కొట్టించా. సాయంత్రానికి నీళ్ళు తేటగా అయ్యాయి, నేను ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టా. ఒకేసారి నాచంతా చచ్చి కుళ్ళడం మొదలైంది, ఉన్న ఆక్సిజన్ దానికే సరిపోయింది. రెండో రోజు తెల్లారేసరికి పంట పోయింది. స్టేటస్ ఇంకా 24 గంటలు కాలేదు, అందరూ సూపర్ అని పెడుతూనే ఉన్నారు.

అప్పటి నుంచి తేట నీళ్ళు చూస్తే నాకు నమ్మకం లేదు. టీచర్ గారూ, మీ పిల్లలకి ఆ పళ్ళెం చేయించండి. పెయింటు డబ్బా మూత చాలు.

బయోసైన్స్_బాబు
అన్న చెప్పిన మైలుతుత్తం కథలో ఇంకో సంగతి కూడా ఉంది. కణాలు చచ్చి పగిలితే లోపలి విషం నీళ్ళలోకి వస్తుంది. రంగు పోయింది, విషం మిగిలింది. మేడమ్ ప్రాజెక్టుకి అసలు పాయింటు ఇదేనేమో.

కందుకూరు_అమ్మమ్మ
మా అత్తగారు చిల్లగింజ వాడేది. వాన నీళ్ళు ఎర్రగా వచ్చినప్పుడు కుండ లోపల గరుకు మీద ఆ గింజ అరగదీసి నీళ్ళు పోసేది. గంటకి పైన తేట, అడుగున మట్టి. ఇప్పటి పిల్లలకి ఆ గింజ చూపించినా తెలియదు. పచ్చ నీళ్ళకి కూడా పనిచేస్తుందా నాయనా?

కావలి_కెమిస్ట్రీ
మంచి ప్రశ్న అమ్మమ్మా. చిల్లగింజ, పటిక, మునగ గింజల పొడి, మూడూ చేసే పని ఒకటే. మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటికలో అల్యూమినియం ఆ ఆవేశాన్ని తగ్గిస్తే అవి గుంపుకట్టి బరువెక్కి కిందకి దిగుతాయి. మునగ గింజలో ఆ పని ఒక ప్రోటీన్ చేస్తుంది. నాచు కణం మీదా రుణావేశమే కాబట్టి అది కూడా గుంపుకడుతుంది.

కానీ ఈ మైక్రోసిస్టిస్‌కి ఒక వేషం ఉంది. కణాల్లో గాలి బుడగల్లాంటివి ఉంటాయి, వాటితో తేలుతుంది. కాబట్టి అడుగుకి దిగకుండా పైకి లేచే అవకాశమూ ఉంది. చేసి చూడాల్సిందే.

కందుకూరు_అమ్మమ్మ
మునిగేదాన్ని ముంచొచ్చు, తేలేదాన్ని ఏం చేస్తాం. సరేలే.

బయోసైన్స్_బాబు
ఆ తేలే గుణంతోనే పరీక్ష చేయొచ్చు. గాజు సీసాలో చెరువు నీళ్ళు మూడొంతులు పట్టి, మూత పెట్టి, ఎవరూ కదపకుండా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లారి పచ్చదనం అడుగున పేరుకుంటే మామూలు నాచు కావచ్చు. పైన వలయంలా కడితే నీలి ఆకుపచ్చదని అనుమానించాలి. ఇంకోటి, గట్టు మీద నుంచి పొడవాటి పుల్ల పెట్టి ఎత్తండి. జుట్టులా వేలాడితే దారాల నాచు కావచ్చు, చాలావరకు భయం లేదు. పుల్లకి పెయింటులా అంటుకుంటే జాగ్రత్త.

చేతులకి గ్లౌజులు. సీసా మీద పేరు రాసి, తినే వస్తువులకి దూరంగా.

చేపలపులుసు
మా ఇంట్లో ఫ్రిజ్‌లో పచ్చ సీసా పెడితే మా ఆవిడ గోంగూర పచ్చడి అనుకుంటుంది. పేరు పెద్దక్షరాల్లో రాయండి టీచర్.

ఆత్మకూరు_టీచరమ్మ
రెండు రోజులు కనిపించలేదు, క్షమించండి. ఇసుక కడిగించాం. తొమ్మిది సార్లు. జల్లెడ పట్టించాం. ఈసారి ఒక్కో సీసాలోంచి 100 మి.లీ. దిగడానికి ఎంత సేపు పడుతుందో పిల్లలు ఫోన్‌లో టైం పెట్టుకున్నారు. మొదటిసారి అర నిమిషంలో దిగిన సీసా ఇప్పుడు 14 నిమిషాలు తీసుకుంది. గ్లాసు కింద పేపరు పెడితే హెడ్డింగ్ అక్షరాలు చదవగలుగుతున్నాం. ఇంతకు ముందు ఫోటో కూడా కనపడలేదు.

సంతోషంగా రాద్దామనుకునే లోపు ఫ్రిజ్ సీసా చూశా. స్టాఫ్ రూమ్ ఫ్రిజ్ కాదులెండి, ఇంట్లో పాతది. పైన వేలు మందాన పచ్చ వలయం. కింద నీళ్ళు దాదాపు తేట. పుల్లకి కూడా పెయింటులాగే అంటుకుంది.

ఇప్పుడు నాకు చెమటలు పడుతున్నాయి. ఇన్ని రోజులూ పిల్లలు ఆ నీళ్ళలో చేతులు పెట్టారు.

కావలి_కెమిస్ట్రీ
కంగారు పడకండి మేడమ్. సబ్బుతో కడుక్కున్నారా? దురద, దద్దుర్లు, కళ్ళు ఎర్రబడటం ఎవరికైనా ఉందేమో అడగండి. ఉంటే డాక్టరుకి చూపించి, ఈ నీళ్ళు తాకారని చెప్పించండి. పొట్టలోకి పోవడమే పెద్ద ప్రమాదం. మిగిలిన నీళ్ళు గేదెలు తాగే తొట్టి దగ్గర పోయకండి, మట్టిలో గుంట తీసి పోయించండి. ఇలాంటి చెరువు నీళ్ళు తాగి పశువులు, కుక్కలు చచ్చిపోవడం చాలా దేశాల్లో నమోదైంది. గట్టు వారకి గాలి తోసిన చోటే అది చిక్కగా ఉంటుంది, పశువులూ అక్కడే మూతి పెడతాయి. పంచాయతీలో ఒక మాట చెప్పండి.

ఇక నుంచి నిజం చెరువు నీళ్ళు తరగతిలోకి వద్దు.

ఆత్మకూరు_టీచరమ్మ
ఇద్దరు పిల్లలకి చేతులు దురద పెట్టిందట, ఒక్కరోజులో తగ్గిపోయింది. గోరింటాకు తెంపితే వచ్చిందనుకున్నారు. సర్పంచ్ గారికి చెప్పా. పశువుల్ని రెండో రేవుకి తోలమని మైకులో చెప్పించారు. మరి ప్రాజెక్టు? చెరువు నీళ్ళు లేకుండా ఏం చూపించేది?

గుండ్లకమ్మ_గట్టు
ఇది చెప్పాలా వద్దా అని మూడు రోజుల నుంచి ఆలోచిస్తున్నా. చెప్పేస్తా.

చాలా ఏళ్ళ కిందట, ఏ ఊరో అనవసరం. ఇదే ఫిల్టర్, చెరువు నీళ్ళే. నా సీసాలోంచి నీళ్ళు గాజులా వచ్చాయి. పదకొండు సార్లు కడిగిన ఇసుక గదా, నాకు గర్వం. ప్రదర్శన రోజు పరిశీలనకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, "ఏదీ, ఒక గుటక తాగి చూపించు" అన్నాడు. పిల్లాడు నా వైపు చూశాడు. నేను వద్దనాల్సింది. అంతమంది ముందు వద్దంటే నా ఫిల్టర్ మీద నాకే నమ్మకం లేనట్టు గదా. నేను తల ఊపా.

వాడు సగం గ్లాసు తాగాడు. అందరూ చప్పట్లు. మాకు ఫస్ట్ వచ్చింది.

తర్వాత రెండు రోజులు వాడు బడికి రాలేదు. వాంతులు. ఆ నీళ్ళ వల్లో, గేటు దగ్గర తిన్న పుల్లైసు వల్లో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళమ్మ వచ్చి సంతకం పెట్టి సెలవు చీటీ ఇచ్చి వెళ్ళింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మొలగొలుకులు
సార్...

ఒంగోలు_గిత్త
నేను అక్కడుంటే నేనూ చప్పట్లు కొట్టేవాడినే సార్. ఇందాక వాదించింది ఎందుకో ఇప్పుడు ఇబ్బందిగా ఉంది. ఒక్కటి చెప్పండి ఎవరైనా, మరి ఆర్ఓ క్యాన్ నీళ్ళ సంగతేంటి? మా ఇంటికి అవే వస్తాయి.

కావలి_కెమిస్ట్రీ
ఆర్ఓ పొర మైక్రోసిస్టిన్‌ని ఆపుతుంది అన్నా. పొర చిరగకుండా, సమయానికి మారుస్తుంటే. క్యాన్ ఎవరు కడుగుతున్నారో అది వేరే చర్చ.

మొలగొలుకులు
చెరువు నీళ్ళకి బదులు కావాలన్నారు గదా మేడమ్. మా ఆవిడ పోయినేడు చైన్ మార్కెటింగ్‌లో చేరి స్పిరులినా డబ్బాలు కొన్నది. ఎవరూ కొనలేదు. బీరువా మీద మూడున్నాయి. అది కూడా నీలి ఆకుపచ్చదే అని డబ్బా మీద చదివా. జనం తింటున్నారు కాబట్టి పిల్లలు ముట్టుకున్నా భయం లేదు. పంపమంటారా?

బయోసైన్స్_బాబు
అన్నా, బ్రహ్మాండం! అది కూడా సయనోబాక్టీరియానే, మైక్రోసిస్టిన్ తయారు చేసే రకం కాదు. అసలు ఈ జాతి మొత్తాన్ని విలన్ చేయకూడదు కూడా. వరి మడిలో నత్రజని పట్టిచ్చేది, అజొల్లా ఆకులో కాపురం ఉండేది వీళ్ళ చుట్టాలే.

చేపలపులుసు
మంచి చుట్టం, చెడ్డ చుట్టం. మా ఇంట్లో పెళ్ళి లాగుంది.

ఆత్మకూరు_టీచరమ్మ
మొలగొలుకులు అన్నా, డబ్బా అందింది. వదినగారికి నా నమస్కారాలు.

ఏం జరిగిందో చెబుతా. నిన్న మధ్యాహ్నం అర లీటరు నీళ్ళలో నాలుగు క్యాప్సూళ్ళు విప్పి పొడి కలిపాం. అచ్చం మా చెరువు. అలాగే మూత పెట్టి వదిలేసి పొద్దున వచ్చి ఫిల్టర్‌లో పోశాం. ఇసుక మీద పచ్చ పొర నిలబడిపోయింది, పిల్లలు కేకలు. కింద గ్లాసులోకి మొదటి చుక్కలు దిగాయి. నీలం! ఆకుపచ్చ కాదు, ఉజాలా వేసినట్టు నీలం. కిటికీలోంచి ఎండ పడేచోట పెడితే పక్క నుంచి ఎర్రగా మెరుస్తోంది. ఒక పిల్ల అడిగింది, "టీచర్, మనం నీలం వెయ్యలేదు గదా, ఎక్కడి నుంచి వచ్చింది?"

నేను రేపు చెబుతానన్నా. చెప్పండి.

బయోసైన్స్_బాబు
అది ఫైకోసయనిన్ మేడమ్. ఆ కణాల్లో ఉండే నీలి రంగు ప్రోటీన్. పేరులో నీలి వచ్చింది దాని వల్లే. ఎండబెట్టిన స్పిరులినా కణాలు పగిలి ఉంటాయి, రాత్రంతా నీళ్ళలో నానితే ఆ రంగు బయటికొస్తుంది. ఎండలో ఎర్రటి మెరుపు కూడా దాని గుణమే, ఒక రంగు కాంతి పీల్చి ఇంకో రంగులో వదులుతుంది.

ఆ పిల్ల అడిగిందే మీ ప్రాజెక్టు. పచ్చదనం ఇసుక మీద ఆగింది. కణంలోంచి కరిగి వచ్చినది ఇసుకని దాటి గ్లాసులోకి వచ్చింది. ఈ నీలం కంటికి కనపడుతోంది. మైక్రోసిస్టిన్‌కి రంగు లేదు, అంతే తేడా.

రొయ్యలగుంట_నైట్‌డ్యూటీ
నా స్టేటస్ ఫోటోలో ఈ నీలం ఉండుంటే నా పంట దక్కేదేమో.

ఆత్మకూరు_టీచరమ్మ
బాబు గారూ, నిజంగా ఒళ్ళు జలదరించింది. మరి కరిగినదాన్ని బొగ్గు పట్టాలి గదా? పొయ్యి బొగ్గు మూటలోంచి రెండుసార్లు పోశా, నీలం అలాగే ఉంది. ఆక్వేరియం షాపులో యాక్టివేటెడ్ కార్బన్ తెప్పించి పోశా, కాస్త తగ్గింది అంతే.

కావలి_కెమిస్ట్రీ
ఇక్కడ రెండు సంగతులు మేడమ్.

పొయ్యి బొగ్గు వేరు, యాక్టివేటెడ్ కార్బన్ వేరు. రెండోదానికి బాగా వేడి మీద ఆవిరి పట్టించి లోపల లెక్కలేనన్ని సన్న రంధ్రాలు చేస్తారు. ఒక్క గ్రాములో 500 చదరపు మీటర్లకి పైగా ఉపరితలం ఉంటుంది. మీ బడి ఆవరణంత అనుకోండి.

కానీ ఆ రంధ్రంలో పట్టేదే అతుక్కుంటుంది. ఫైకోసయనిన్ చాలా పెద్ద అణువు, అణుభారం లక్ష దాటుతుంది. ఏనుగు వచ్చి బడి కిటికీలో దూరతానంటే ఎలా? మైక్రోసిస్టిన్ అణుభారం సుమారు వెయ్యి ఉంటుంది, అది దూరుతుంది. నీళ్ళ ప్లాంట్లలో దానికి యాక్టివేటెడ్ కార్బన్ వాడేది అందుకే. అందులోనూ కట్టెతో చేసిన కార్బన్ దీనికి కొబ్బరి చిప్ప కార్బన్ కన్నా మెరుగు, రంధ్రాలు కాస్త పెద్దవి. మన వీధి ఫిల్టర్లలో ఎక్కువగా ఉండేది కొబ్బరి చిప్పదే.

ప్రదర్శనకి ఇలా చేయండి. మీ ల్యాబ్ అలమరాలో మిథిలీన్ బ్లూ ఉంటుంది, ఉల్లిపొర స్లైడుకి వాడేది. అణుభారం 320. రెండు మూడు చుక్కలు చాలు. ఇసుక దాన్ని పూర్తిగా ఆపలేదు, కార్బన్ ఆపుతుంది. మెల్లగా దించండి, కార్బన్‌కి పట్టుకునే టైం కావాలి.

గుండ్లకమ్మ_గట్టు
మెల్లగా దించడానికి ఒక చిట్కా. మందుల షాపులో కొత్త సెలైన్ సెట్ కొనండి. సీసా మూతకి బెజ్జం పెట్టి గొట్టం బిగించి, ఆ చక్రం తిప్పి చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. నర్సు కూతురు ఎవరైనా ఉంటే వాళ్ళకే అప్పజెప్పండి.

కందుకూరు_అమ్మమ్మ
చీరె మడతల సంగతి ఎవరూ చెప్పలేదే. పాత నేత చీరె నాలుగు మడతలు వేసి వడపోసేవాళ్ళం మేము.

బయోసైన్స్_బాబు
అమ్మమ్మా, మీరు చెప్పింది పెద్ద పరిశోధన. రీటా కాల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో ఆడవాళ్ళతో పాత చీరె నాలుగు మడతలు వేయించి నీళ్ళు వడకట్టించింది. కలరా సగం దాకా తగ్గింది, 48 శాతం. 2003లో అచ్చయింది. కలరా క్రిములు నీటిలో ఉండే సన్నటి జీవుల్ని అంటిపెట్టుకుని ఉంటాయి, చీరె ఆ జీవుల్ని ఆపుతుంది. పాత చీరే మేలు, ఉతికి ఉతికి పోగులు పీచు లేచి సందులు 20 మైక్రాన్లకి వస్తాయి. కరిగిన విషాన్ని మాత్రం ఏ చీరా ఆపదు.

కందుకూరు_అమ్మమ్మ
కొత్త చీరె కొనమని అడిగితే మీ తాతయ్య పాతదే మంచిదనేవాడు. ఆయనా శాస్త్రవేత్తేనేమో.

ఆత్మకూరు_టీచరమ్మ
రేపే ఫెయిర్. రాత్రి పదకొండున్నర, ఇంకా బల్ల సర్దుతున్నాం, మా ఆయన సెలైన్ గొట్టాలకి టేపు వేస్తున్నారు.

మొత్తం నాలుగు సీసాలు. మొదటిదాంట్లో అమ్మమ్మ గారి చీరె మడతలు, రెండోది కడిగిన ఇసుక, మూడోదాంట్లో ఇసుకా పొయ్యి బొగ్గూ, నాలుగోదాంట్లో ఇసుకా కార్బనూ. నాలుగింట్లో స్పిరులినా నీళ్ళే, మిథిలీన్ బ్లూ చుక్కలు కలిపి. స్పిరులినా అప్పటికప్పుడు కలుపుతాం, నానితే దాని నీలం కూడా దిగి గందరగోళం అవుతుంది. నానబెట్టిన గ్లాసు విడిగా, ఎండ పడే మూల. ఆ పిల్లే అక్కడ నిలబడుతుంది. దాని చార్టు మీద తనే రాసుకుంది, "నేను వెయ్యని నీలం".

చెరువు ఎందుకు పచ్చబడిందో ఇంకో చార్టు. పొలాల్లో వేసిన యూరియా, డీఏపీ వానకి కొట్టుకొచ్చి చెరువులో చేరడం, కాలవలోకి మురుగు, ఎండ, కదలని నీళ్ళు. దాన్ని రాసింది డీఏపీ అమ్మే కొట్టు వాళ్ళ అబ్బాయే. వాళ్ళ నాన్న ఏమన్నాడో అడగలేదు.

ప్రతి గ్లాసుకీ పైన ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేశా గుండ్లకమ్మ సార్. ఎవరూ ఎత్తలేరు. ఎర్ర స్కెచ్‌తో "తాగరాదు" అని రాశాం. ఎవరైనా తాగి చూపించమంటే ఏం చెప్పాలో పిల్లలకి నేర్పించా: "ముందు మీరు తాగండి సార్."

గుండ్లకమ్మ_గట్టు
ఆ మాట అప్పుడు నాకెవరైనా నేర్పుంటే.

ఒంగోలు_గిత్త
రేపు ఒంగోలు నుంచి బస్సెక్కి వద్దామనుంది. సెలవు దొరకదు. వీడియో పెట్టండి మేడమ్.

ఆత్మకూరు_టీచరమ్మ
పెడతా. మొలగొలుకులు అన్నా, ఇంకో డబ్బా దొరుకుతుందా? నాలుగో గ్రూపు వాళ్ళు ప్రాక్టీసు అని చెప్పి సగం డబ్బా ఒకేసారి కలిపేశారు.

మొలగొలుకులు
ఇంకా రెండున్నాయి మేడమ్. పొద్దున ఆరింటి బస్సుకి డ్రైవర్ చేతికిస్తా. ఖర్చు నాదే. ఖాళీ డబ్బా కూడా తిరిగి పంపొద్దు, మా ఆవిడ చూస్తే మళ్ళీ మొదలెడుతుంది.